రక్తపుబొట్టు చెప్పు సాక్ష్యము



ఆసుపత్రిలో నీ వ్రేలినుండి తీసిన ఒక్క రక్తపుబొట్టు నిన్నుగూర్చి వైద్యునియెదుట సాక్ష్యమిచ్చును. ఆ సాక్ష్యమునుబట్టియే ఆయన మందు నిర్ణయించును. ఈ సాక్షి మాట నమ్మదగినదగుటకు ఎంత కాలము పట్టెనో, నేటికిని అది ఏ జాగ్రత్తవలన నిలుచునో ఆలోచింతము. మనము షుగరు జబ్బు అనుకొను మధుమేహమునే ఉదాహరణముగా తీసికొందము.

పూర్వము మన దేశపు వైద్యులు రోగి మూత్రమునకు చీమలు పట్టుట చూచి ఈ వ్యాధిని గుర్తించిరి. 1674లో ఇంగ్లాండు వైద్యుడైన థామస్ విల్లిస్ అట్టి మూత్రము తేనెవలె తియ్యగా నుండునని వ్రాసెను. ఆ కాలమున వైద్యుని నాలుకయే ప్రయోగశాల! 1776లో లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ మూత్రమును ఇగురగాచి, మిగిలిన తెల్లని ముద్ద చక్కెరయేయని తెలిపెను. రోగి రక్తములోను తీపి యున్నదని ఆయన కనుగొనెను.

1908లో అమెరికా శాస్త్రజ్ఞుడు స్టాన్లీ బెనెడిక్ట్ ఒక నీలి ద్రావకము సిద్ధపరచెను. 5 మిల్లీలీటర్ల ద్రావకములో 8 చుక్కల మూత్రము వేసి కాచినయెడల, చక్కెర లేనిచో నీలముగానే యుండును. ఉన్నకొలది పచ్చగా, పసుపుగా, తుదకు ఇటుకరంగుగా మారును. స్పిరిటు దీపము, గాజుగొట్టము ఉన్నచో పల్లెటూరి ఆసుపత్రిలోను దీనిని చేయవచ్చును.

1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరమున 14 ఏండ్ల లెనార్డ్ థాంప్సన్ అను బాలునికి మొదట ఇన్సులిన్ ఇచ్చిరి. అప్పటినుండి పరీక్షకు క్రొత్త బాధ్యత కలిగెను. ఏలయనగా ఇన్సులిన్ తక్కువైనను ప్రమాదమే, ఎక్కువైనను ప్రాణాపాయమే. రోగి తెలివితప్పినప్పుడు చక్కెర పెరిగి పడెనో, తగ్గి పడెనో మంచముప్రక్కనే తెలియవలెను. 1956లో ఆల్‌ఫ్రెడ్ ఫ్రీ, హెలెన్ ఫ్రీ అను దంపతుల కృషివలన మూత్రములో ముంచి చూచు పట్టీ వచ్చెను. 1965 నాటికి రక్తపుబొట్టును పరీక్షించు పట్టీయు, 1970 ప్రాంతమున దాని రంగును కొలుచు యంత్రమును వచ్చెను. నేడు ఆ యంత్రము అరచేతిలో ఇముడుచున్నది.

సాధనములు మారెను గాని ఒక నియమము మారలేదు. నమూనా చెడినయెడల ఎంత మంచి యంత్రమైనను అబద్ధమే చెప్పును. గొట్టములో నిలువయున్న రక్తపు కణములు గంటకు నూటికి 5 నుండి 7 వంతుల చక్కెరను తినివేయును. అందుచేతనే సోడియం ఫ్లోరైడు వేసిన గొట్టములో రక్తము పట్టుదురు. మామిడిపండు తిని కడుగని వ్రేలి బొట్టు లేని చక్కెరను చూపును. గ్లూకోసు ఎక్కుచున్న చేతి రక్తమును అంతే. మూత తీసియుంచిన డబ్బాలోని పట్టీలు తేమకు చెడిపోవును. అన్నిటికంటె ఘోరమేమనగా, గొట్టముపై వేరొకరి పేరుండుట. అప్పుడు ఇద్దరికిని తప్పు వైద్యమే జరుగును.

కావున, పరగడుపున రమ్మనినచో కాఫీయైనను త్రాగక రమ్ము. త్రాగినయెడల దాచక చెప్పుము. చేతులు నీళ్లతో కడిగి పొడిగా తుడుచుకొనుము. గొట్టముపై పేరు నీయెదుటనే వ్రాయుమని అడుగుటకు సిగ్గుపడకుము. మన ఊళ్లలో ఒకే పేరుగలవారు నలుగురుందురు గనుక తండ్రి పేరు, ఊరిపేరు, వయస్సు కూడ చెప్పుము. సాక్షి మాటను విని తీర్పు చెప్పుట వైద్యుని పని. సాక్షిని సరిగా నిలువబెట్టుటలో మనకును పాలు కలదు.