మింగలడాన్ మట్టిలో లేని విమానాలు

పాత యుద్ధవిమానాన్ని మ్యూజియంలో పెట్టాలంటే ముందుగా కావలసింది విమానం. ఇది నవ్వులాటకి అంటున్న మాట కాదు. 2013 జనవరిలో ఇంగ్లండు నుంచి ఒక బృందం యాంగోన్ విమానాశ్రయానికి వెళ్ళింది. పురాతత్వవేత్తలు, భూమి లోపల ఏముందో యంత్రాలతో పట్టిచూసే నిపుణులు, రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసిన ఒక ముసలి సైనికుడు అందులో ఉన్నారు. రన్‌వే దగ్గర మట్టికింద ఉన్నాయనుకున్న స్పిట్‌ఫైర్ విమానాలను తవ్వితీసి, ఇంగ్లండుకి చేర్చి, బాగుచేసి మళ్ళీ ఎగరేయాలన్నది వాళ్ళ ఆశ.

యాంగోన్ అంటే మన పెద్దలు చెప్పుకున్న రంగూనే. 1989లో పేరు మార్చారు. ఇప్పటి అంతర్జాతీయ విమానాశ్రయం ఉన్నచోటే ఆనాటి మింగలడాన్ సైనిక విమానస్థావరం ఉండేది. 1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్‌ని పట్టుకుంది. 1945 మేలో బ్రిటిష్‌వాళ్ళు తిరిగొచ్చారు. కథ ఇక్కడ మొదలవుతుంది. విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చిన కొత్త స్పిట్‌ఫైర్‌లు యుద్ధం ముగియడంతో అక్కరకు రాకుండా పోయాయనీ, వాటిని పెట్టెలు విప్పకుండానే పాతిపెట్టారనీ చెప్పుకునేవారు. ఎన్ని అంటే ఒకరు 36 అన్నారు, మరొకరు వందకు పైనే అన్నారు.

లింకన్‌షైర్ రైతు డేవిడ్ కండల్ 1996 నుంచీ ఈ కథ వెంటపడ్డాడు. సొంత డబ్బు పెట్టుకుని బర్మాకి ఎన్నోసార్లు వెళ్ళొచ్చాడు. 2012 ఏప్రిల్‌లో బ్రిటిష్ ప్రధాని డేవిడ్ కామెరాన్ మయన్మార్ వెళ్ళినప్పుడు అధ్యక్షుడు థేన్ సేన్‌తో ఈ సంగతి ప్రస్తావించాడు. అక్టోబర్‌లో ఒప్పందం కుదిరింది. దొరికిన విమానాల్లో సగం మయన్మార్ ప్రభుత్వానికి, మిగతా సగం కండల్‌కీ అతని స్థానిక భాగస్వాములకీ. పెట్టె ఒక్కటీ బయటపడకముందే వాటాలు తేలిపోయాయి! ఖర్చు భరించింది కంప్యూటర్ గేములు తయారుచేసే వార్‌గేమింగ్ కంపెనీ.

చివరికి ఒక్క విమానమూ దొరకలేదు. ఉత్తరాన మిచ్చీనాలో ఒక పెట్టె కనబడిందన్నారు గానీ, కెమెరా దించి చూస్తే బురదనీళ్ళు తప్ప ఏమీ తేలలేదు. అసలు జవాబు తవ్వకంలో కాక కాగితాల్లో దొరికింది. రంగూన్ రేవులో బ్రిటిష్ వైమానిక దళం సరుకు దించిన విభాగం రికార్డుల ప్రకారం 1945, 46 సంవత్సరాల్లో మూడు ఓడల్లో మొత్తం 37 విమానాలు వచ్చాయి. వాటిలో పెట్టెల్లో వచ్చిన స్పిట్‌ఫైర్ ఒక్కటీ లేదు. పైగా ఆ వచ్చిన 37లో చాలావరకు 1946 చివరికి తిరిగి పంపేసినట్టే కనిపించింది. అంత పెద్ద పెట్టెలను వానాకాలంలో గోతుల్లోకి దించడానికి తగిన సరంజామా కూడా అక్కడ ఉన్నట్టు లేదు. పాతిపెట్టిన విమానాలేవీ లేవని 2013 ఫిబ్రవరిలో వార్‌గేమింగ్ ప్రకటించింది. కండల్ మాత్రం ఒప్పుకోలేదు.

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్ళకి ఇది తెలిసిన వ్యవహారమే. ప్రోగ్రామ్ ఎక్కడ తప్పిందని పదిమందిని అడిగితే పది కథలు వస్తాయి. చెప్పేవాళ్ళు అబద్ధాలకోరులు కారు, జ్ఞాపకం అలా పనిచేస్తుంది. అందుకే ముందు లాగ్ ఫైలు తెరుస్తాం. మింగలడాన్‌లో తవ్వకం ముందు జరిగింది, లాగ్ తర్వాత తెరిచారు.

పోనీ విమానాలు నిజంగానే ఉన్నాయనుకుందాం. యాంగోన్‌లో ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అల్యూమినియం రేకు, ఉక్కు బోల్టు ఒకదాన్నొకటి ఆనుకుని తడిలో ఉంటే అది చిన్న బ్యాటరీలాగా పనిచేస్తుంది, అల్యూమినియం మెల్లమెల్లగా తినుకుపోతుంది. చెక్క చివికిపోతుంది. దాదాపు ఏడు దశాబ్దాల తర్వాత చేతికి వచ్చేది ఎగిరే విమానం కాదు, కొలతలు తీసుకోవడానికి పనికొచ్చే నమూనా మాత్రమే.

ఇంతకీ తమాషా ఏమిటంటే, బర్మాలో నిజమైన స్పిట్‌ఫైర్‌లు నేలమీదే ఉన్నాయి. 1948లో స్వతంత్రం వచ్చాక బర్మా వైమానిక దళం 1954, 55లలో ఇజ్రాయెల్ నుంచి 30 స్పిట్‌ఫైర్‌లు కొన్నది. వాటిలో కొన్ని ఇంగ్లండులో పుట్టి, చెకొస్లొవేకియాలో కొలువు చేసి, ఇజ్రాయెల్ మీదుగా బర్మా చేరినవి. అలా మిగిలిన ఒకటి సైనిక మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం మొదట యాంగోన్‌లో ఉండేది, తర్వాత కొత్త రాజధాని నేపిడోకి మారింది. ఇలాంటి విమానాన్ని బాగుచేసేవాళ్ళకి రేకు అతికించడం కన్నా ముందొచ్చే చిక్కు ఒకటుంది. దీనికి ఏ దేశపు రంగు వేయాలి? నంబరు పలకలూ, పాత రంగు పొరలూ, లాగ్ పుస్తకాలూ చూడందే జవాబు దొరకదు. ఆ ఆధారాలు పోతే మిగిలేది రంగేసిన రేకు డబ్బా.

కాగితాలన్నీ సక్రమంగా ఉన్న విమానం ఎలా కదులుతుందో మన విశాఖపట్నంలో చూడవచ్చు. 1988 నుంచి నౌకాదళంలో పనిచేసిన టీయూ-142 విమానాలకు 2017 మార్చిలో అరక్కోణంలో వీడ్కోలు చెప్పారు. ఏప్రిల్‌లో వాటిలో ఒకటి విశాఖకి తనంతట తానే ఎగిరి వచ్చింది. 50 మీటర్ల రెక్కలతో అది ఊరి రోడ్ల మీద పట్టదు కదా! ఐఎన్ఎస్ డేగాలో భాగాలుగా విప్పి, బీచ్ రోడ్డుకి తరలించి, అక్కడ మళ్ళీ బిగించారు. ఆ డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియం ప్రారంభించారు. ఈరోజు పిల్లలు దాని కడుపులో నడుస్తున్నారు.

అదే విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు ఉంది. ఆ పేరు చెప్పే చరిత్రకి మాత్రం ఇంకా మ్యూజియం లేదు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కిపోయిన మనవాళ్ళని రంగూన్‌లో ‘కోరంగీలు’ అన్నారు. 1931 లెక్కల్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలూ పెట్టెలూ మోసిన కూలీల్లో తెలుగువాళ్ళు ముఖ్యులు. 1930 మేలో వాళ్ళు సమ్మె చేసినప్పుడు, వాళ్ళ స్థానంలో బర్మీయులను పెట్టి, సమ్మె తీరాక తీసేయడంతో ఘోరమైన అల్లర్లు జరిగాయి. 1941 డిసెంబర్ 23న రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు అడవులూ కొండలూ దాటి కాలినడకన బయల్దేరారు. ఎందరో దారిలోనే రాలిపోయారు. 1960లలో నీ విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక మరోసారి తిరుగు ప్రయాణం. బర్మా క్యాంపు ఆ నాటిదే.

ఆ రేవుకి ఎన్ని విమానాలు వచ్చాయో అరవై ఏడేళ్ళ తర్వాత కూడా అంకెతో సహా చెప్పగలిగారు. 37. ఆ రేవులో పెట్టెలు మోసిన మనవాళ్ళు ఎందరు తిరిగొచ్చారో అంత కచ్చితంగా చెప్పగల పుస్తకం మన దగ్గర లేదు. లేని విమానాల కోసం ఒక ప్రధానమంత్రి మాట్లాడాడు. ఉన్న మనుషుల కథ కోసం మనమే మాట్లాడుకోవాలి.

ఈ పత్రిక చదివేవారిలో బర్మా నుంచి వచ్చిన కుటుంబాలవారు ఉండే ఉంటారు. మీ అటకమీద ట్రంకుపెట్టెలో ఓడ టికెట్టో, రంగూన్ స్టూడియో ఫోటోనో, శరణార్థి కార్డో ఉంటే దయచేసి పారేయకండి. ఫోటో వెనక పెన్సిల్‌తో పేర్లూ, ఊరూ, సంవత్సరమూ రాయండి. అమ్మమ్మ చెప్పే కథని రికార్డు చేయండి, దాని పక్కన ఆ కాగితాన్నీ ఉంచండి. రెండూ కావాలి. కథ ఒక్కటే ఉంటే ఏమవుతుందో మింగలడాన్‌లో చూశాం.