కాకినాడకు కాపు.. తాబేళ్లకు పురిటిగడ్డ హోప్‌ ఐలాండ్‌

కాకినాడ: ఒకవైపు ఉరకలెత్తే బంగాళాఖాతం, మరోవైపు చెరువును తలపించే ప్రశాంత జలాలు, నడుమ సన్నని ఇసుక తిన్నె. కాకినాడ తీరానికి ఎదురుగా విస్తరించిన హోప్‌ ఐలాండ్‌ ప్రకృతి ప్రియులకు కనువిందు చేయడమే కాక, అలల ఉద్ధృతి నుంచి నగరాన్ని కాపాడుతోంది. అరుదైన జీవజాతులకు ఆశ్రయమిస్తున్న ఈ దీవిలో కాలినడకన తిరిగేవారు ప్రతి అడుగూ ఆచితూచి వేయాల్సిన అవసరం ఉంది.

గోదావరి కానుక

గోదావరి పాయలు మోసుకొచ్చిన ఒండ్రును, ఇసుకను సముద్ర ప్రవాహాలు ఉత్తర దిశగా నెట్టడంతో సుమారు రెండు వందల ఏళ్ల కాలంలో ఈ దీవి రూపుదిద్దుకుంది. సుమారు 16 కిలోమీటర్ల పొడవు, ఎనిమిది చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ఈ భూభాగం పైనుంచి చూస్తే తోక ఊడని కప్పపిల్లను పోలి ఉంటుంది. ఉత్తరపు కొనను గోదావరి పాయింట్‌ అంటారు. దీవికి, ప్రధాన భూభాగానికి మధ్య ఉన్నదే కాకినాడ అఖాతం.

1789, 1839 సంవత్సరాల్లో వచ్చిన పెను తుపాన్లు సమీపంలోని కోరంగి రేవును ఛిన్నాభిన్నం చేశాయి. నేడు సముద్రపు అలల తాకిడిని ముందుగా భరించేది హోప్‌ ఐలాండే. అందువల్లనే రేవులో నౌకలు ప్రశాంతంగా లంగరు వేయగలుగుతున్నాయి. ఇదే తీరంలో ఉత్తరాన గల ఉప్పాడ ఏటా కోతకు గురవుతుండటం గమనార్హం.

ఒక దీవి.. రెండు తీరాలు

తూర్పు తీరం వెంబడి నడిస్తే తళతళలాడే ఇసుక, గవ్వలు, అడుగుల చప్పుడుకే కలుగుల్లోకి దూరే ఎర్ర పీతలు స్వాగతం పలుకుతాయి. పడమటి అంచుకు చేరితే దృశ్యం మారిపోతుంది. పాటు సమయంలో నీరు వెనక్కి తగ్గి బురద నేలలు బయటపడతాయి. పురుగులు, చిన్న పీతల కోసం ఉల్లంకిపిట్టలు గుంపులుగా వాలుతాయి. శీతాకాలంలో ఉత్తరాది శీతల దేశాల నుంచి వలస పక్షులు తరలివస్తాయి. గరుడ పక్షులు, కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు ఏడాది పొడవునా దర్శనమిస్తాయి.

అఖాతం అంచున ఉన్న కోరంగి మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్ల నడుమ బావురుపిల్లులు, నీటికుక్కలు సంచరిస్తాయి. బావురుపిల్లి రాత్రివేళ చేపలు వేటాడుతుంది కనుక పగలు కంటపడటం అరుదు. బురదపై పాదముద్రలే దాని ఆనవాళ్లు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదం కనుక కొమ్మలు విరవరాదు.

గుడ్లు పెట్టే వేళ.. గండం

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్‌ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ తూర్పు తీరానికి చేరుకుంటాయి. ఇసుకలో గొయ్యి తవ్వి వందకు పైగా గుడ్లు పెట్టి, పూడ్చి, తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతాయి. తెల్లవారాక ఇసుకపై కనిపించే వెడల్పాటి జాడలే వాటి రాకకు సాక్ష్యం. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వెలువడతాయి. కుక్కలు, నక్కలు తవ్వుకుపోకుండా గుడ్లను సేకరించి సంరక్షణ కేంద్రాల్లో పొదిగించి, పిల్లలను సముద్రంలో విడిచిపెట్టడం రాష్ట్ర తీరంలో అనుసరిస్తున్న పద్ధతి.

తాబేలు ఊపిరి తీసుకునేందుకు నీటిపైకి రావాల్సిందే. మరపడవల వలల్లో చిక్కుకున్నవి పైకి రాలేక మృత్యువాత పడుతున్నాయి. 2025 ఆరంభంలో కాకినాడ తీరానికి తాబేళ్ల కళేబరాలు కొట్టుకురావడం ఆందోళన కలిగించింది. వలలకు తాబేళ్లు బయటపడే మార్గం అమర్చితే ఈ నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు. అయితే ఆ మార్గం గుండా కొంత వేట జారిపోతుందన్న బెంగ మత్స్యకారులను వెనక్కి లాగుతోంది. జాలరి బతుకు, తాబేలు ప్రాణం రెండూ ముడిపడిన సమస్య ఇది.

సందర్శకులు గమనించాల్సినవి

దీవికి పడవ ప్రయాణమే శరణ్యం. వాతావరణం, ఆటుపోట్ల వేళలు తెలుసుకుని, అటవీ శాఖ అనుమతి పొందాకే బయలుదేరాలి. తాగునీరు, ఆహారం వెంట తీసుకెళ్లడం మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పక్షుల వీక్షణకు అనుకూలం. పడవ ప్రయాణం వీలుపడనివారు కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలోని కోరంగి అభయారణ్యంలో చెక్కవంతెనపై నడుస్తూ మడ అడవుల అందాలు ఆస్వాదించవచ్చు.

తాబేలు పిల్లలు వెలుగును బట్టే సముద్రం దారి పడతాయి. టార్చిలైట్లు, కెమెరా ఫ్లాష్‌లు వాటిని దారి మళ్లిస్తాయి. గుడ్లను తాకడం, పక్షుల గుంపులను చెదరగొట్టడం, ప్లాస్టిక్‌ సంచులు పారవేయడం తగదు. నగరానికి అడ్డుగా నిలిచిన ఈ ఇసుక తిన్నెను ఉన్నది ఉన్నట్లుగా వదిలి రావడమే సందర్శకులు దానికి చేయగల మేలు.