జగదల్‌పుర్‌కు ప్రజా రవాణా ఎందుకు అవసరం? జనాభా లెక్కలో ఇమడని నగరం

జగదల్‌పుర్: ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలో ఇంద్రావతి నది ఒడ్డున ఉన్న జగదల్‌పుర్ బస్తర్ జిల్లాకు, బస్తర్ డివిజన్‌కు పాలనా కేంద్రం. 2011 జనగణన ప్రకారం నగర జనాభా సుమారు 1.25 లక్షలు. అయితే ఈ నగరంపై ఆధారపడే ప్రాంతం దానికి ఎన్నో రెట్లు పెద్దది. బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పుర్, దంతెవాడ, బీజాపుర్, సుక్మా జిల్లాలతో కూడిన ఈ డివిజన్ విస్తీర్ణం దాదాపు 39 వేల చదరపు కిలోమీటర్లు. అంటే ఇంచుమించు కేరళ రాష్ట్రమంత. పెద్ద ఆసుపత్రికి, విశ్వవిద్యాలయానికి, డివిజన్ స్థాయి కార్యాలయాలకు ఈ ప్రాంత ప్రజలు రావలసింది ఇక్కడికే. నగర రవాణా అవసరాన్ని కేవలం స్థానిక నివాసుల సంఖ్యతో కొలిస్తే ఈ రాకపోకలు లెక్కలోకి రావు.

నగరం విస్తరించిన తీరు

జగదల్‌పుర్ ఎదుగుదలకు రహదారులు, రైలు మార్గం ఊతమిచ్చాయి. రాయ్‌పుర్ నుంచి విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి, నిజామాబాద్ మీదుగా వచ్చి ఒడిశా వైపు వెళ్లే 63వ నంబరు జాతీయ రహదారి ఇక్కడ కలుస్తాయి. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం ఓడరేవుకు తరలించేందుకు 1960వ దశకంలో నిర్మించిన కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం కూడా ఈ నగరం మీదుగానే వెళ్తుంది. 2020 సెప్టెంబరులో ఉడాన్ పథకం కింద ఇక్కడి విమానాశ్రయం నుంచి రాయ్‌పుర్, హైదరాబాద్‌లకు విమాన సర్వీసులు మొదలయ్యాయి.

ఇటీవలి విస్తరణ ఎక్కువగా పాత నగరం వెలుపల జరిగింది. మహారాణి ఆసుపత్రి నగరం నడిబొడ్డున ఉండగా, ప్రభుత్వ వైద్య కళాశాల గీదం మార్గంలోని డిమ్రాపాల్‌లో ఉంది. 2008లో బస్తర్ విశ్వవిద్యాలయం పేరుతో ఏర్పాటైన విశ్వవిద్యాలయం ధరంపురా ప్రాంతంలో ఉంది. నగరానికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలోని నగర్నార్‌లో ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యంతో ఎన్‌ఎండీసీ నిర్మించిన ఉక్కు కర్మాగారాన్ని ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2023 అక్టోబరు 3న జాతికి అంకితం చేశారు. ఈ సంస్థలన్నీ వేర్వేరు దిక్కుల్లో ఉండటంతో రోగులు, విద్యార్థులు, కార్మికులు నగరాన్ని దాటి వెళ్లక తప్పదు.

ఆర్టీసీ లేని రాష్ట్రం

తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ బస్సు దశాబ్దాలుగా అలవాటైన సేవ. హైదరాబాద్ సంస్థానంలో నిజాం రైల్వే ఆధ్వర్యంలో 1932లో 27 బస్సులతో మొదలైన రవాణా వ్యవస్థే ఆ తర్వాత ఆర్టీసీగా ఎదిగింది. ఛత్తీస్‌గఢ్‌లో పరిస్థితి భిన్నం. 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడిన తర్వాత ప్రత్యేకంగా రోడ్డు రవాణా సంస్థ కొనసాగలేదు. జిల్లాల మధ్య బస్సులు ప్రైవేటు యజమానులవే. లాభం వచ్చే మార్గాల్లో, గిరాకీ ఉన్న వేళల్లో అవి తిరుగుతాయి. నష్టం వచ్చినా ఫలానా మార్గంలో బస్సు నడపాలని ఆదేశించి, ఆ నష్టాన్ని భరించే ప్రభుత్వ రవాణా సంస్థ లేదు.

నగరం లోపలి ప్రయాణాల్లో ఆటోలు, ఈ-రిక్షాలు, ద్విచక్ర వాహనాలది ప్రధాన పాత్ర. ఆటోలు వేలాది మందికి ఉపాధి ఇస్తాయి, ఇరుకు వీధుల్లోకీ వెళ్తాయి. వాటి సేవ విలువైనదే అయినా అది బస్సుకు ప్రత్యామ్నాయం కాదు. నిర్ణీత మార్గం, వేళ, టికెట్ ధర ఉండాలన్న షరతు స్టేజి క్యారేజి పర్మిట్ ఉన్న బస్సుకు వర్తిస్తుంది. ఒప్పందంపై ప్రయాణికులను తీసుకెళ్లే ఆటోకు అటువంటి కాలపట్టిక ఉండదు. చట్టం ప్రకారం ఈ-రిక్షాలో నలుగురికి మించి ప్రయాణించరాదు. దాని గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లు. జాతీయ రహదారిపై డిమ్రాపాల్‌కో, నగర్నార్‌కో నిత్యం వెళ్లి రావడానికి అది అనువైన వాహనం కాదు.

ఈ లోటు భారం అందరిపై సమానంగా పడదు. సొంత వాహనం ఉన్నవారు దాన్ని గుర్తించకపోవచ్చు. బస్టాండులో దిగి రోగితో ఆసుపత్రికి వెళ్లాల్సిన గ్రామీణ కుటుంబానికి మాత్రం చివరి కొద్ది కిలోమీటర్ల ఖర్చు ఊరి నుంచి వచ్చిన బస్సు చార్జీతో పోటీ పడుతుంది. రాత్రి షిఫ్టు ముగించిన కార్మికునికి, సాయంత్రం తరగతులకు వెళ్లే విద్యార్థినికి తిరుగు ప్రయాణం దొరుకుతుందో లేదో అన్న అనిశ్చితి పని, చదువు విషయంలో వారి నిర్ణయాలనే మార్చగలదు.

మూడు లక్షల నిబంధన

నగర బస్సులకు కేంద్రం ఇచ్చే సాయంలో ప్రస్తుతం ముఖ్యమైనది పీఎం ఈ-బస్ సేవా పథకం. ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో 10 వేల ఎలక్ట్రిక్ బస్సులు నడిపేందుకు కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టు 16న దీన్ని ఆమోదించింది. అంచనా వ్యయం రూ.57,613 కోట్లు కాగా అందులో కేంద్రం వాటా రూ.20,000 కోట్లు. 2011 జనగణన ప్రకారం మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న నగరాలు దీనికి అర్హమైనవి. కేంద్రపాలిత ప్రాంతాల రాజధానులకు, ఈశాన్య, పర్వత రాష్ట్రాలకు ప్రత్యేకంగా చోటు కల్పించారు. ఛత్తీస్‌గఢ్‌కు మంజూరైన 240 బస్సులు రాయ్‌పుర్, దుర్గ్-భిలాయి, బిలాస్‌పుర్, కోర్బాలకు కేటాయించారు. జగదల్‌పుర్ ఆ పరిమితికి చాలా దిగువన ఉంది.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, లెక్క పాతది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. కొత్త గణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. రెండోది, కొత్త లెక్క వచ్చినా అది నివాసులనే చూపుతుంది. రోజూ వచ్చి పోయేవారు అందులో కనబడరు. పర్వత రాష్ట్రాలకు కొలమానాన్ని సడలించిన విధానంలో, విశాలమైన అటవీ ప్రాంతానికి ఏకైక పెద్ద కేంద్రంగా ఉన్న నగరానికి అటువంటి వెసులుబాటు లేదు.

గ్రామీణ బస్సు, నగర బస్సు

రాష్ట్ర ప్రభుత్వం చేపట్టిన ముఖ్యమంత్రి గ్రామీణ బస్ యోజనను కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2025 అక్టోబరు 4న జగదల్‌పుర్‌లో ప్రారంభించారు. తొలి దశలో బస్తర్, సర్గుజా డివిజన్లలో బస్సు లేని గ్రామాలకు ప్రాధాన్యమిచ్చారు. బస్సు నడిపేవారికి ప్రభుత్వం ఆర్థిక ప్రోత్సాహం ఇస్తుంది. ఆదాయం చాలని మార్గంలో ప్రజాధనంతో బస్సు నడపాలన్న సూత్రాన్ని ఇది అంగీకరించినట్లయింది. అయితే గ్రామం నుంచి నగరానికి బస్సు వచ్చినంత మాత్రాన ప్రయాణం పూర్తికాదు. ఆసుపత్రి, కళాశాల, రైల్వేస్టేషన్, కర్మాగారాలను బస్టాండుతో కలిపే సేవ తోడైతేనే ఆ ఖర్చుకు పూర్తి ఫలితం దక్కుతుంది.

ఎన్ని బస్సులు కావాలి?

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ నిర్దేశించిన సేవా ప్రమాణాల ప్రకారం ప్రతి వెయ్యి మందికి 0.6 బస్సులుంటే అత్యుత్తమ స్థాయి. 0.2 కంటే తక్కువైతే అట్టడుగు స్థాయి. 1.25 లక్షల జనాభాకు ఈ లెక్కన అట్టడుగు స్థాయిని దాటేందుకు 25, అత్యుత్తమ స్థాయికి 75 బస్సులు అవసరం. ఇవన్నీ పెద్ద బస్సులే కానక్కర్లేదు. ప్రధాన మార్గాల్లో చిన్న బస్సులు క్రమం తప్పకుండా తిరిగి, ఆటోలు వీధుల నుంచి స్టాపులకు చేరవేస్తే ఆటో డ్రైవర్ల ఉపాధికీ చోటుంటుంది.

బస్సులకన్నా ముందు తేలాల్సింది బాధ్యత. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులోని 18 అంశాల్లో రహదారులు, బస్టాపులు ఉన్నాయి గానీ నగర రవాణా లేదు. పర్మిట్లు రవాణా శాఖ పరిధిలో, రోడ్లు పలు సంస్థల చేతుల్లో ఉంటాయి. ఒకప్పుడు ఛత్తీస్‌గఢ్ భాగంగా ఉన్న మధ్యప్రదేశ్‌లో ఇందౌర్ నగరం 2005లో ప్రత్యేక రవాణా కంపెనీని నెలకొల్పి, మార్గాలు, వేళలు తాను నిర్ణయిస్తూ ప్రైవేటు భాగస్వాములతో బస్సులు నడిపించింది. ఇందౌర్ చాలా పెద్ద నగరం కాబట్టి జగదల్‌పుర్‌కు అదే నమూనా యథాతథంగా సరిపోదు. కానీ ఆర్టీసీ లేనిచోట కూడా సేవకు జవాబుదారీగా ఒక సంస్థ ఉండవచ్చని అది చూపింది. బస్తర్‌లో ఆ సంస్థ పరిధి నగరపాలక సంస్థ హద్దుల వద్ద ఆగకుండా డిమ్రాపాల్, నగర్నార్ వంటి చోట్లకూ విస్తరించాల్సి ఉంటుంది.