గిన్నె తిప్పే పని

సీసపు ఏప్రన్ బరువు భుజాల మీద పడగానే మీకు అర్థమైపోతుంది, ఇక్కడ సగం పని ఎక్స్‌రేదేనని. ఊరు డెన్మార్క్‌లోని ఆర్హస్. బల్ల మీద మత్తులో ఉన్న అమ్మాయికి పాతికేళ్లుంటాయి. ఎన్నాళ్లుగానో గజ్జల్లో నొప్పి. తుంటి గిన్నె లోతు చాలక తొడ ఎముక తలను పైనుంచి సరిగ్గా కప్పడం లేదు. బరువంతా అంచు మీదే పడుతోంది. ఆ కప్పును కొలిచే కోణం 25 డిగ్రీలు దాటాలి. ఈమెకు 14. మృదులాస్థి ఇంకా అరగలేదు కాబట్టి, కృత్రిమ కీలు జోలికి పోకుండా సొంత గిన్నెనే కోసి తిప్పి పెడతారు.

1984లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో సర్జన్ రైన్‌హోల్డ్ గాంజ్ మొదలుపెట్టిన ఆపరేషన్ ఇది. అప్పటి కోత పెద్దది. ఆర్హస్‌లో సర్జన్ కెల్ సోబాలె దాన్ని సుమారు 7 సెంటీమీటర్లకు తెచ్చారు. సార్టోరియస్ కండరాన్ని తెగ్గొట్టరు, పోగుల వెంట చీల్చి దారి చేసుకుంటారు.

చిన్న కోత అనగానే మనకు ముచ్చటేస్తుంది. సర్జన్‌కు మాత్రం లోపల కనిపించేది తగ్గిపోయినట్టే. కూర్చునే ఎముక దగ్గర చూడండి: వంపు ఉలి లోతుకి దిగిపోయింది, బయట పిడి ఒక్కటే. సుత్తి దెబ్బ. చూపు సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీదికి. మళ్లీ దెబ్బ. ఉలి పక్కకి జారితే సయాటిక్ నరం, పైకి జారితే ఏకంగా కీలు లోపలికే. వెనక ఎముక స్తంభం విరగకూడదు. కటికి ఆసరా అదే.

గిన్నె చుట్టూ ఎముకకు పెట్టే కోతల్లో చివరిది పూర్తవగానే గిన్నె విడిపడుతుంది. అసలు కష్టం ఇప్పుడే. సర్జన్ పట్టుకారుతో దాన్ని పక్కకీ ముందుకీ వంచితే కోణం 35కి వచ్చింది. చాలు కదా అనిపిస్తుంది మీకు. ఆయనకు చాల్లేదు. తెర మీద రెండు సన్నటి గీతలు చూపిస్తారు: ముందు అంచు ఒకటి, వెనక అంచు ఒకటి. ఒకదాన్నొకటి దాటుతున్నాయి. అంటే గిన్నె మూతి వెనక్కి తిరిగింది. ఇలాగే బిగిస్తే, ఆమె ముందుకు వంగినప్పుడల్లా తొడ ఎముక మెడ వెళ్లి అంచుకు కొట్టుకుంటుంది. ఒక నొప్పి తీసి ఇంకోటి పెట్టినట్టు. కొద్దిగా తిప్పి, మళ్లీ ఎక్స్‌రే. ఇప్పుడు గీతలు పైన కలిసి, కిందికి విడిపోతూ వచ్చాయి.

పొడవాటి స్క్రూలు రెండు. కుట్లు.

ఇక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఊతకర్రలే. ఆ కాలి మీద 30 కిలోలకు మించి బరువు వేయకూడదు. ఆ 30 ఎంతో ఒంటికి తెలియాలి కాబట్టి, ఫిజియోథెరపిస్ట్ మామూలు బరువు తూచే మెషిన్ తెచ్చి, ముల్లు అక్కడికి వచ్చేదాకా ఆమె చేత తొక్కిస్తారు.