అతిథి విస్తట్లో పచ్చివంట

పెళ్లి భోజనాల బల్ల మీద కీరా చక్రాలు, క్యారెట్ పువ్వులు, టమాటా గులాబీలు పేర్చిన పళ్లెం చూసి, ఇదంతా పట్నం నుంచి వచ్చిన సోకు అనుకుంటాం. అందులో సగమే నిజం. అలంకారం కొత్తదే గానీ, అతిథికి పచ్చివంట వడ్డించే పద్ధతి పాతది. అందులో పడే పెసరపప్పయితే కడప జిల్లా చిలమకూరు పరిసరాల్లో రాతకన్నా పాతది.

చిలమకూరు ఉన్న ఎర్రగుంట్ల మండలంలోనే కలమళ్ల ఉంది. రేనాటి చోళుడు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో అక్కడ వేయించిన శాసనం తొలి తెలుగు శాసనంగా పేరుపొందింది. అంతకు రెండు వేల ఏళ్లకు ముందే దక్కన్ నవీన శిలాయుగపు పల్లెలు పెసలు, ఉలవలు పండించుకు తిన్నాయి. తవ్విన మట్టిని నీళ్లలో కలిపి, పైకి తేలిన బొగ్గైన గింజలను ఏరి పురావస్తు శాస్త్రజ్ఞులు ఈ సంగతి తేల్చారు. అలా మట్టి పరీక్షించిన చోట్లలో జమ్మలమడుగు వైపున్న పెద్దముడియం ఒకటి.

పెసరపప్పు నానబెడితే వడపప్పు. అందులో దోసకాయ ముక్కలు, కొబ్బరి కోరు, మామిడి తురుము కలిపితే కోసంబరి. శ్రీరామనవమికి పానకం పక్కన ఉండాల్సింది ఇదే. 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నవమి ఉత్సవాలను అధికారికంగా జరుపుతున్న ఒంటిమిట్ట ఈ సీమలోదే.

అతిథికి ఏ కాలంలో ఏది పెట్టాలో శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529) ‘ఆముక్తమాల్యద’ కావ్యంలో విష్ణుభక్తుడైన విష్ణుచిత్తుడి ఇంటి భోజనాల వర్ణనలో చూపించాడు. వానాకాలం వరుగులు, వడియాలు. చలికాలం మిరియాల పొడి, పొగలు కక్కే కూరలు. ఎండాకాలం మామిడి వడపిందెలు, చెరకు రసం, లేత కొబ్బరినీళ్లు, నీరుమజ్జిగ. ఆతిథ్యానికి కొలత రుతువే. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అక్కడికి రోజూ బండ్లకొద్దీ నిమ్మకాయలు రావడం చూసి విస్తుపోయాడు. పుల్లదనానికి కొదవ లేదన్నమాట. కారం మాత్రం ఇంకా మిరియాలదే.

మిరపకాయ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడలెక్కి వచ్చింది. టమాటా పుట్టిల్లూ ఆ ఖండాలే. మన వంటింట్లో అది కుదురుకునేసరికి ఆంగ్లేయుల కాలం వచ్చింది. నారింజరంగు క్యారెట్ యూరప్ సాగులో రూపుదిద్దుకుంది. కీరా మాత్రం హిమాలయ పాదాల దగ్గర పుట్టిన మన తీగే. నేటి సలాడ్ పళ్లెంలో కంటికి ముందు కనిపించే ఎరుపు, నారింజ రంగులు చుట్టాలుగా వచ్చి ఇంటివాళ్లయినవి.

పేర్చే కళకూ పాత ఒరవడి ఉంది. అరిటాకు కొస తినేవారి ఎడమచేతి వైపు ఉండాలి. ఉప్పు, ఊరగాయ, కోసంబరి పైవరుసలో కొద్దికొద్దిగా. అన్నం కింది సగంలో. ఒకదాని తడి ఇంకోదాన్ని తాకకూడదు. పళ్లేనికీ ఇదే లెక్క. నడుమ పెసరపప్పు గుట్ట, దాని చుట్టూ క్యారెట్ కోరు, అంచున ఒకదానిపై ఒకటి ఒరిగేలా కీరా బిళ్లలు, సందుల్లో తోలు ఒలిచిన పులివెందుల చీనీ తొనలు. బీట్‌రూట్ పెట్టేట్టయితే అన్నిటికన్నా చివర, విడి గిన్నెలో; దాని రంగు ఊరుకోదు.

పప్పు గంట, గంటన్నర నానితే చాలు. గింజ గోటికి తెగాలి గానీ చిదిమితే పిండి కాకూడదు. నీళ్లు పూర్తిగా వార్చి, గుడ్డ మీద ఆరబెట్టాలి. ఆవాలు, ఇంగువ తిరగమోత చల్లారాకే కలపాలి. కూరలు తరగడానికి మన కడప బండ చల్లగా, నున్నగా బాగుంటుంది. నిమ్మకాయ మాత్రం దాని మీద కోయరాదు. అది సున్నపురాయి, పులుపు పడితే మచ్చ తేలుతుంది. అదే జాతి రాయిని పొడిచేసి కాల్చే సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న చిలమకూరువాళ్లకు ఇది చెప్పనక్కరలేదు.

అన్నిటికన్నా తరచుగా జరిగే పొరపాటు ఉప్పు తొందరపడి వేయడం. ఉప్పు కీరాలోని నీటిని బయటికి లాగేస్తుంది. పావుగంటలో అంచు బిళ్లలు వాడిపోయి, పప్పు నీళ్లలో తేలుతుంది. కాబట్టి చుట్టాలు కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాకే ఉప్పు, నిమ్మరసం. మామిడి దొరికే రోజుల్లో నిమ్మ కూడా వద్దు. రాయలవారి లెక్క ప్రకారం వేసవి పులుపు మామిడిది. చలికాలమైతే ముల్లంగి తురుము, మిరియాల పొడి వేయండి. టమాటాను గులాబీలా చెక్కడానికి పట్టే సమయంలో సగం, ఆ కాలపు కాయను సంతలో ఏరడానికి పెడితే పళ్లెం తనంతట తానే అందంగా ఉంటుంది.