వాగ్దాన కార్డు వెనుక కథ

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు దాటాక మా చర్చిలో ఒక పళ్లెం బయటికొస్తుంది. నిండా బోర్లించిన చిన్న కార్డులు, ఒక్కోదాని మీద ఒక బైబిలు వాక్యం. పాస్టరుగారు ప్రార్థన చేసి పక్కకు జరగగానే పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, కర్ర ఊతంగా వచ్చిన తాతలు వరుసలో నిలబడి తలా ఒకటి తీసుకుంటారు. అక్కడే ట్యూబులైటు కింద చదువుకుంటారు. మా అమ్మ బైబిల్లో అంచులు నలిగిన అలాంటి కార్డులు ఇరవై దాకా ఉన్నాయి. వెనకవైపు పెన్సిలుతో ఏ ఏడాదిదో రాసి ఉంటుంది. వాటిలో రెండు యిర్మీయా 29:11వే. దేవుడు మన మేలు కోరాడని, మనకు ముందుకాలం, నిరీక్షణ ఉన్నాయని చెప్పే ఆ వాక్యం ఇవాళ ఎన్నో ఇళ్ల గోడల మీద ఉంది.

అది మొదట ఎవరికి వచ్చిన మాట? క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి చెరపట్టుకుపోయిన వాళ్లకు. ప్రవక్త యిర్మీయా వాళ్లకు రాసిన ఉత్తరంలో ఈ మాట ఉంది. దానికి ముందు వాక్యంలోనే 70 ఏళ్ల గడువు ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది సొంత ఊరు మళ్లీ చూడకుండానే కన్నుమూసి ఉంటారు. అయినా యిర్మీయా వాళ్లను ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు వేసుకోమన్నాడు, తమను చెరలో పెట్టిన పట్టణం క్షేమం కోసమే ప్రార్థించమన్నాడు. వాగ్దానాన్ని నమ్మడమంటే ఏమిటో ఇంతకన్నా తేటగా చెప్పిన చోటు బైబిల్లో నాకు కనిపించలేదు.

పాత నిబంధన హెబ్రీ భాషలో వాగ్దానానికి ప్రత్యేకమైన పదమే లేదు. దేవుడు పలికాడంటే చాలు, అదే వాగ్దానం. మన తెలుగు మాట కూడా ఆ భావానికి ఎంతో దగ్గర: వాక్కును దానం చేయడం, మాట ఇవ్వడం. కొత్త నిబంధన గ్రీకులోకి వచ్చేసరికి దానికంటూ ఒక పదం స్థిరపడింది. దేవుని వాగ్దానాలన్నీ క్రీస్తులోనే నిజమయ్యాయని పౌలు 2 కొరింథీ 1:20లో తేల్చాడు. అయితే హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం, వాగ్దానఫలం అందుకోకుండానే, దూరం నుంచి చూసి సంతోషిస్తూ చనిపోయిన వాళ్ల పట్టిక. ఆ పట్టికను పక్కన పెట్టి క్రైస్తవ నిరీక్షణ గురించి మాట్లాడకూడదు.

వాక్యాన్ని రోజుకొకటిగా చేతికిచ్చే అలవాటు 18వ శతాబ్దపు జర్మనీలో, అక్కడి భక్తి ఉద్యమంలో బలపడింది. 1718లో బొగాట్స్కీ, దేవుని పిల్లల బంగారు నిధిపెట్టె అని అర్థం వచ్చే పేరుతో ఒక ధ్యాన పుస్తకం తెచ్చాడు. హెర్న్‌హూట్ అనే ఊళ్లో 1728 మే 3 సాయంత్రం అక్కడి సంఘ నాయకుడు జిన్‌జెండార్ఫ్ సంఘానికి మర్నాటి కోసం ఒక మాట ఇచ్చాడు. తర్వాత అది రోజూ ఇంటింటికీ తిరిగి చెప్పే ఆచారమైంది. 1731 నుంచి ఏటా పుస్తకంగా వస్తోంది. ఆ వాక్యాలను చీట్లు తీసినట్టు తీసి ఎంచుతారు. మన పళ్లెంలోని కార్డుకు దగ్గర చుట్టమే. అదే కాలంలో, అదే భక్తి ఉద్యమానికి కేంద్రమైన హాల్లే పట్టణం నుంచి వచ్చిన మిషనరీ బెంజమిన్ షుల్ట్జ్ మద్రాసులో కూర్చుని బైబిలును తెలుగులోకి మార్చాడు. ఆ రాతప్రతి అచ్చుకు నోచుకోలేదు. తెలుగు కొత్త నిబంధన మొత్తం అచ్చులో రావడానికి 1818 దాకా ఆగాల్సి వచ్చింది.

వాగ్దానం మన నేల మీద ఎలా పనిచేసిందో చూడాలంటే ఒంగోలు వెళ్లాలి. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు బహు కొద్దిమంది. మిషన్ మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. 1854 జనవరి 1న, పొద్దు పొడవకముందే, ఒంగోలు కొండ మీదికి అయిదుగురు ఎక్కారు: ఆ మిషన్‌కు చెందిన జూయెట్ దంపతులు, వాళ్లతోపాటు క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. కొండల మీద సువార్త మోసుకొచ్చే వారి పాదాల గురించి చెప్పే యెషయా 52వ అధ్యాయం చదువుకుని మోకరించారు. కింద చీకట్లో ఉన్న ఊళ్లకు వెలుగు రావాలని, ఒంగోలుకు ఒక సేవకుడు రావాలని అడిగారు. ఆ ఉదయం వాళ్ల చేతిలో ఉన్నది ఒక మాట మాత్రమే.

జవాబు 12 ఏళ్లకు వచ్చింది. 1866లో అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. అదే ఏడాది తాళ్లకొండపాడుకు చెందిన తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకుని, మాదిగపల్లెలన్నీ తిరిగి సువార్త చెప్పాడు. ఈ చరిత్రలో పేరయ్యకు ఇవ్వాల్సినంత చోటు మనం ఇంకా ఇవ్వలేదు. ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మనుషులకు దేవుడు మాట ఇచ్చాడన్న కబురు ఎంత పెద్దదో, వాళ్లలో ఒకడైన ఆయనకే తెలుసు.

ఆ తర్వాత ధాత కరువు, 1876–78. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. కొండ మీది ప్రార్థనకు అప్పటికి 24 ఏళ్లు.

ఇవాళ వాగ్దానాన్ని ఆ ఏడాదికి జాతకంలా చదివేవాళ్లు పెరిగారు. ఉద్యోగం, వీసా, ఇల్లు. అవి అడగడం తప్పు కాదు. కానీ బబులోనులో తోట వేసిన చెయ్యి, కాలువ గట్టు మీద పలుగు పట్టిన చెయ్యి నమ్మింది అంతకన్నా పెద్దదాన్ని. ఈ డిసెంబరు 31న కార్డు తీసుకున్నాక దయచేసి దాన్ని అలాగే పర్సులో పెట్టేయకండి. ఇంటికెళ్లి బైబిలు తెరిచి, ఆ వాక్యం ఉన్న అధ్యాయమంతా ఇంట్లోవాళ్లకు వినిపించేలా చదవండి.