అక్షరాలు దిద్దిన చేతులు మావి

నస్పూర్‌లో పెరిగిన మాకు బొగ్గు ఎంత తెలుసో, రంగు డబ్బా అంత తెలుసు. శ్రీరాంపూర్ గనులకు పోయే దారుల్లో, కిరాణా కొట్ల మీద, సైకిల్ షాపుల మీద పేర్లు రాసినవాళ్లలో మావాళ్లున్నారు. సింగరేణి చరిత్ర రాసినవాళ్లు టన్నుల లెక్క రాశారు, సమ్మెల లెక్క రాశారు. బోర్డు మీద 'జాగ్రత్త' అని రాసిన చెయ్యి ఎవరిదని అడగలేదు. ఆ మాట మేమే అడగాలి, మేమే చెప్పుకోవాలి.

ముస్లిం అనగానే నవాబు, కోట, బిర్యానీ గుర్తొస్తాయి కొందరికి. కాతిబ్ గుర్తు రాడు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో చదువు మొదలుపెట్టినా, 1949లో హైదరాబాద్‌లో 'సియాసత్' పత్రిక పుట్టినా, వాటి వెనక వెన్ను వంచి కూర్చున్న కాతిబ్‌లున్నారు. నస్తలీఖ్ లిపిలో అక్షరం పక్క అక్షరాన్ని బట్టి రూపు మార్చుకుంటుంది. కుడి పైనుంచి ఎడమ కిందికి జారుతుంది. సీసపు అచ్చుకు అది లొంగలేదు. అందుకే లోకంలో పత్రికలన్నీ అచ్చక్షరాలు పేర్చుకుంటుంటే ఉర్దూ పత్రికలు రోజూ చేత్తో రాయించుకున్నాయి. కలం మొన ఎంత వెడల్పో అంత చుక్క. ఆ చుక్కలతోనే అక్షరానికి కొలత.

1981లో పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ కూర్చిన నూరీ నస్తలీఖ్ యంత్రంలోకి వచ్చింది. అందుకోసం వేలాది అక్షర గుచ్ఛాలను ముందు చేత్తోనే రాశారు. 1994లో ఢిల్లీలో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ తయారైంది. కాతిబ్ చేతి అందం కంప్యూటర్‌కెక్కింది, కాతిబ్ మాత్రం కూలి పోగొట్టుకున్నాడు. కొందరు మౌస్ పట్టుకుని పెళ్లికార్డులు, కరపత్రాలు చేశారు. వాళ్లకు గ్రాఫిక్ డిజైనర్ అని కొత్త పేరొచ్చింది. ఆ తర్వాత ఫ్లెక్సీలొచ్చి పెయింటర్ కుంచె కూడా ఎండిపోయింది.

ఇప్పుడు మా పిల్లల ముందు ఇంకో గడప ఉంది. యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్, అందరూ పొట్టిగా యూఎక్స్ అంటారు. 1993లో ఆపిల్‌లో చేరిన డొనాల్డ్ నార్మన్ తన ఉద్యోగం పేరులో ఆ మాట పెట్టుకున్నాక అది ప్రచారంలోకొచ్చింది. పని ఏమిటి? బొమ్మ అందంగా ఉంటే చాలదు. వాడే మనిషి ఎవరు, ఏ పని మీద వచ్చాడు, ఎక్కడ తికమకపడుతున్నాడో ముందు పక్కన కూర్చుని చూడాలి. నమూనా గీసి అతని చేతికిచ్చి, తప్పులు పట్టుకుని మళ్లీ గీయాలి.

ఇది మాకు కొత్తా? రాత్రి షిఫ్టు దిగి అలసిన కళ్లతో వచ్చే కార్మికుడికి ఎంత దూరం నుంచి ఏ రంగు కనపడుతుందో మా పెయింటర్‌కు తెలుసు. లేనిది చూపు కాదు. ఇంగ్లీషు లేదు, ఫీజు లేదు, పట్నంలో తెలిసినవాడు లేడు.

ఈ పని మాకెందుకంటే, ఒక్క దరఖాస్తు చాలు చెప్పడానికి. ఒకే మనిషి ఒక కాగితంలో ఎండీ, ఇంకోదాంట్లో మొహమ్మద్, మరోదాంట్లో మహ్మద్. తెర మీద గళ్లు ఇంటిపేరు అడుగుతాయి. మాలో చాలామందికి ఆ లెక్కన ఇంటిపేరే ఉండదు. ఖాళీ వదిలితే దరఖాస్తు ముందుకు కదలదు. ఏదో ఒకటి రాస్తే రేపు ఇంకో కాగితంతో కలవదు. పింఛను, స్కాలర్‌షిప్పు ఆ గడిలోనే ఆగిపోతాయి. ఆ గడి గీసినవాడికి మామీద పగ ఉండనక్కర్లేదు. మా ఇల్లు తెలియకపోతే చాలు. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయ్యింది. చట్టంలో చోటు దొరికింది, గడిలో ఇంకా దొరకాలి.

మా తప్పూ మేం ఒప్పుకోవాలి. పండుగ ముందు రాత్రి వరసబెట్టి చేతులకు మెహందీ పెట్టే మా చెల్లెళ్లను మేమెప్పుడూ కళాకారులనలేదు. పీర్లకు పూలు, జరీ కట్టే చేతుల్నీ లెక్కలోకి తీసుకోలేదు. 'సరదా' అన్నాం. ఒకనాడు అన్నం పెట్టిన ఖలం ఈనాడు సరదాగా మిగిలితే, ఈనాటి సరదా రేపు అన్నం పెట్టకూడదా?

దరఖాస్తు గడి గీసే చోట మా చెయ్యి కూడా ఉండాలి. మా పేరు మాకు రాయడం వచ్చు.